ట్యాంటలైజ్ అంటే ఊరించడమే: ఆ మాట వెనక ఉన్న గ్రీకు రాజు కథ

మీ అమ్మాయి ఇంటర్ ఇంగ్లీషు పాఠంలో "ద మ్యాంగో హంగ్ ట్యాంటలైజింగ్లీ అవుటాఫ్ రీచ్" అనే వాక్యం వచ్చిందన్నారు. ఒక నిఘంటువులో ట్యాంటలైజ్ అంటే హింసించు అని ఉందట, ఇంకోదాంట్లో ఆశపెట్టు అని ఉందట, ఫోన్లో చూస్తే టెంప్ట్ అని వచ్చిందట. "మామిడికాయ హింసించడమేమిటి నాన్నా?" అని అమ్మాయి అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నారు. అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పమన్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ట్యాంటలైజ్ అంటే ఊరించడం. తెలుగులో దీనికి ఇంతకన్నా దగ్గర మాట లేదు. ఒక వస్తువు కళ్ళెదురుగా ఉండాలి. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉండాలి, లేదా అలా అనిపించాలి. దానిమీద మనసు పడాలి. తీరా చెయ్యి చాస్తే అందకూడదు. అయినా ఆశ చావకూడదు. ఇవన్నీ కలిస్తేనే ట్యాంటలైజ్. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా వేరే మాట వాడుకోవడం మంచిది.

ఉచ్చారణ కూడా అమ్మాయికి చెప్పండి. ఒత్తు మొదటి అక్షరం మీద పడాలి: ట్యాన్-ట-లైజ్. చివర్లో ఎస్ రాసినా జెడ్ రాసినా రెండూ ఒప్పే.

నేను 28 ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. మీ అమ్మాయికి వచ్చిన అనుమానం మా క్లాసులో చాలామందికి వచ్చేది. ఒక కుర్రాడు సొంతవాక్యం రాయమంటే "ద పోలీస్ ట్యాంటలైజ్డ్ ద థీఫ్" అని రాశాడు. పోలీసులు దొంగని హింసించారని వాడి భావం. వాడి దగ్గరున్న చిన్న డిక్షనరీలో హింసించు, వేధించు అనే రెండు మాటలే ఉన్నాయి, వాటిని నమ్ముకున్నాడు. ఆ రోజు నా సంచిలో జామకాయలు ఉన్నాయి. ఒకటి తీసి వాణ్ణి ముందుకి పిలిచి చేతికి అందించబోయాను. వాడు పట్టుకోబోతుంటే వెనక్కి లాగేశాను. మళ్ళీ చాపాను, మళ్ళీ లాగాను. మూడోసారికి క్లాసంతా నవ్వుతోంది, వాడి మొహం మాత్రం ఎర్రబడింది. "ఇప్పుడు నేను నిన్ను చేస్తున్నదే ట్యాంటలైజ్" అని చెప్పి నాలుగోసారి జామకాయ చేతిలో పెట్టేశాను. వాడు దాన్ని పట్టుకుని కాసేపు ఆలోచించి, "సార్, ఇప్పుడు ఇచ్చేశారు కాబట్టి ఇక ట్యాంటలైజ్ కాదు కదా" అన్నాడు. ఆ మాటతో నేను పాఠం చెప్పాల్సిన పని లేకుండా పోయింది. వస్తువు చేతికొచ్చిన క్షణంలో ఈ క్రియ ఆగిపోతుంది.

ఇక పుట్టుక. ఈ మాట ఒక మనిషి పేరు. ఆయన పేరు టాంటలస్, గ్రీకు పురాణాల్లో ఒక రాజు. రాజ్యం సిపిలస్ కొండ ప్రాంతంలో, అంటే ఇప్పటి టర్కీ దేశం పడమటి వైపు, మనిసా పట్టణం దగ్గర. దేవతల రాజు జ్యూస్‌కి కొడుకని చెబుతారు. మనుషులెవరికీ దక్కని గౌరవం ఆయనకి దక్కింది. దేవతలతో కలిసి ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసేవాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

హోమర్ అనే ప్రాచీన గ్రీకు కవి రాసిన ఒడిస్సీ కావ్యం 11వ సర్గలో కథానాయకుడు ఒడిస్యూస్ మృతుల లోకానికి వెళ్తాడు. అక్కడ శిక్షలు అనుభవిస్తున్న ముగ్గురిని వరసగా చూస్తాడు. మొదటివాడు టిట్యోస్, వాడి కాలేయాన్ని రాబందులు పొడుచుకు తింటుంటాయి. మూడోవాడు సిసిఫస్, బండరాయిని కొండమీదికి దొర్లిస్తూ ఉంటాడు, పైదాకా వెళ్ళగానే అది కిందికి దొర్లిపోతుంది. మధ్యలో ఉన్నవాడే మన టాంటలస్.

ఆ దృశ్యం పట్టుమని పది పన్నెండు పాదాలే. ఒక ముసలివాడు చెరువులో నిలబడి ఉన్నాడు. నీళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది. తాగుదామని వంగాడు. వంగీ వంగగానే నీళ్ళు మాయమై కాళ్ళ దగ్గర నల్లటి నేల బయటపడింది. దేవుడెవరో ఇంకించేశాడు. లేచి నిలబడితే మళ్ళీ నీళ్ళు గడ్డం దాకా. ఇక తలపైన చెట్లు. బేరిపళ్ళు, దానిమ్మలు, ఆపిల్స్, అత్తిపళ్ళు, ఆలివ్ పళ్ళు గుత్తులు గుత్తులుగా నెత్తిమీదికి వేలాడుతున్నాయి. చెయ్యెత్తాడు. గాలి వచ్చి కొమ్మల్ని మబ్బుల్లోకి విసిరేసింది. చెయ్యి దించితే కొమ్మలు మళ్ళీ కిందికి వచ్చేశాయి.

హోమర్ ఇక్కడ వాడిన మాట "ఎన్నిసార్లు వంగితే అన్నిసార్లు" అని. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట అదే. నీళ్ళు లేని ఎడారిలో నిలబెడితే రెండు రోజులకి మనిషి ఆశ వదులుకుంటాడు. ఈయన్ని ఆశ వదులుకోనివ్వరు. నీళ్ళు ఉన్నాయి, గడ్డానికి చల్లగా తగులుతున్నాయి కూడా. అందుకే మళ్ళీ వంగుతాడు. మనవాళ్ళు ఇలాంటిదాన్నే "చేతికి అందింది నోటికి అందలేదు" అంటారు. టాంటలస్‌కి అయితే నీళ్ళు గడ్డానికి అంది నోటికి అందలేదు.

ఇంత శిక్ష ఎందుకు పడింది? హోమర్ చెప్పలేదు. తర్వాతివాళ్ళు తలా ఒక కారణం చెప్పారు.

అందరికీ తెలిసిన కథ భయంకరంగా ఉంటుంది. దేవతలకి నిజంగా అన్నీ తెలుస్తాయో లేదో చూద్దామని టాంటలస్ వాళ్ళని విందుకి పిలిచి, సొంత కొడుకు పెలాప్స్‌ని చంపి, ముక్కలు చేసి, వండి వడ్డించాడు. దేవతలు పసిగట్టి విస్తళ్ళు ముట్టలేదు. పంటల దేవత డిమీటర్ మాత్రం తప్పిపోయిన కూతురి దిగులులో ఉండి, చూసుకోకుండా భుజం ముక్క తినేసింది. దేవతలు పిల్లవాణ్ణి మళ్ళీ బతికించారు, పోయిన భుజానికి ఏనుగు దంతంతో భుజం చేసి అతికారు. గ్రీసు దేశం దక్షిణాన ఉన్న పెలపొనీస్ ద్వీపకల్పానికి ఈ పెలాప్స్ పేరే వచ్చింది.

ఇది చదువుతుంటే తెలుగువాళ్ళకి వెంటనే సిరియాళుడి కథ గుర్తొస్తుంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోనూ, శ్రీనాథుడి హరవిలాసంలోనూ ఉంది. జంగమదేవర వేషంలో వచ్చిన శివుడు నరమాంసం అడిగితే, చిరుతొండనంబి దంపతులు కన్నకొడుకునే వండి పెట్టారు. అక్కడా కొడుకు తిరిగి బతికాడు. కొడుకుని వండటం, అతిథి దేవుడు కావడం, పిల్లవాడు బతికిరావడం, మూడూ రెండు కథల్లోనూ ఉన్నాయి. కానీ నడక పూర్తిగా వేరు. మన కథలో దేవుడు భక్తుణ్ణి పరీక్షించాడు, భక్తుడు నెగ్గి కైలాసానికి వెళ్ళాడు. గ్రీకు కథలో మనిషి దేవతల్ని పరీక్షించాలనుకున్నాడు, పాతాళానికి పోయాడు. క్లాసులో ఈ రెండు కథలూ పక్కపక్కన చెప్పిన ఏడాది పిల్లలు టాంటలస్ పేరు పరీక్షదాకా మర్చిపోలేదు.

గ్రీకుల్లోనే కొందరికి ఈ వంట కథ నచ్చలేదు. పిండార్ అనే కవి క్రీ.పూ. 476లో సిరక్యూస్ రాజు హైరాన్ గుర్రం ఒలింపిక్ పందెంలో గెలిస్తే ఒక పాట కట్టాడు. దేవతలు నరమాంసం తిన్నారని తాను అననంటే అనను అన్నాడు అందులో. ఆయన లెక్కలో టాంటలస్ చేసిన తప్పు దొంగతనం. దేవతల పంక్తిలో పెట్టిన అమృతాన్ని ఎత్తుకొచ్చి తన తాగుడు మిత్రులకి పంచిపెట్టాడు. అంత భాగ్యాన్ని అరిగించుకోలేకపోయాడు అంటాడు పిండార్. యూరిపిడీస్ అనే నాటకకర్త అయితే నోరు అదుపులో పెట్టుకోకపోవడమే అతని నేరం అని రాశాడు.

విచిత్రం ఏమిటంటే ఈ ఇద్దరూ చెప్పిన శిక్షలో చెరువూ లేదు, పళ్ళూ లేవు. తలమీద పెద్ద బండరాయి వేలాడుతూ ఉంటుంది, ఎప్పుడు పడుతుందో తెలియదు. ఈ కథే నిలబడి ఉంటే ఇవాళ ఇంగ్లీషులో ట్యాంటలైజ్ అంటే భయంతో చంపడం, మెడమీద కత్తి పెట్టడం అని అర్థం వచ్చేది. హోమర్ చెప్పిన నీళ్ళూ పళ్ళే లాటిన్ కవుల దాకా వచ్చాయి, వాళ్ళ నుంచి యూరప్ భాషలన్నిటికీ వెళ్ళాయి. ఫ్రెంచివాళ్ళూ జర్మన్లూ కూడా "టాంటలస్ యాతన" అనే నుడికారం వాళ్ళ వాళ్ళ భాషల్లో ఇప్పటికీ వాడతారు.

ఆ లాటిన్ కవుల్లో హొరేస్‌ని ఒక్కణ్ణి తలుచుకోకుండా ముందుకి పోలేను. క్రీస్తుకి పూర్వం మొదటి శతాబ్దంవాడు. పిసినారి గురించి రాస్తూ, దాహంతో ఉన్న టాంటలస్ పెదవుల దగ్గర నుంచి పారిపోయే నీటికోసం ఆశపడుతున్నాడు అని మొదలుపెట్టి, హఠాత్తుగా పాఠకుడి వైపు తిరిగి "ఎందుకు నవ్వుతున్నావు? పేరు మారిస్తే ఈ కథ నీదే" అంటాడు. డబ్బు మూటలమీద పడుకుంటావు, అందులో పైసా ముట్టుకోవు, నీకూ అతనికీ తేడా ఏమిటి అని అడుగుతాడు. టాంటలస్‌ని దేవతలు ఆపితే, పిసినారిని ఆపేవాడు పిసినారే. మా పెద్దవాళ్ళు అలాంటివాణ్ణి చూపించి "తాను తినడు, ఇంకొకరిని తిననివ్వడు" అనేవారు. హొరేస్ చెప్పింది ఆ మొదటి సగం గురించే, కానీ దాన్ని శిక్షగా చూశాడు. అది గొప్ప చూపు.

టాంటలస్ అనే పేరుకి అర్థం ఏమిటని కూడా గ్రీకులు ఆలోచించారు. ప్లేటో రాసిన క్రాటిలస్ అనే సంభాషణలో సోక్రటీస్ దీనికి వ్యుత్పత్తి చెబుతాడు. టలాంటటస్ అంటే మహా దౌర్భాగ్యుడు అని గ్రీకు మాట, అదే కాస్త మారి టాంటలస్ అయిందంటాడు. తలమీద ఊగే బండరాయిని కూడా ఈ పేరుతో కలిపి చూపిస్తాడు. ఈ కాలపు భాషావేత్తల్లో కొందరు దీన్ని మోయడం, భరించడం, తూచడం అనే అర్థాలున్న ఒక పాత ధాతువుకి ముడిపెడతారు. గ్రీకు పురాణాల్లో ఆకాశాన్ని మోసే అట్లాస్ పేరూ ఆ ధాతువు నుంచే వచ్చిందని వాళ్ళ అభిప్రాయం. గ్రీకులో తూనికకి టలాంటన్ అని పేరు. ఇంగ్లీషు టాలెంట్ అందులోంచి వచ్చింది. మొదట తూనిక, తర్వాత అంత బరువు వెండి, బైబిల్లోని ఒక నీతికథ వల్ల చివరికి దేవుడిచ్చిన ప్రతిభ అయింది. ఇదే ధాతువుకి సంస్కృతంలో కొమ్మ తుల. తులాభారంలో తుల, తులారాశిలో తుల, మనం కొట్లో "ఎన్ని తులాలండీ" అని అడిగే తులం అన్నీ ఆ ఇంటివే. ఆ లెక్కన టాంటలస్ అంటే "భరించేవాడు" అన్నమాట.

ఇంగ్లీషులో ట్యాంటలైజ్ క్రియగా 16వ శతాబ్దం చివర్లో, 1590ల ప్రాంతంలో కనిపిస్తుంది. టాంటలస్ పేరుకి "లాగా చేయు" అనే అర్థమిచ్చే ప్రత్యయం తగిలించారు, అంతే. అంటే "టాంటలస్‌ని చేసినట్టు చేయడం". మొదట్లో ఆ యాతన బరువు మాటలో గట్టిగా వినిపించేది. మీరు చూసిన నిఘంటువులో హింసించు అని రాసింది అందుకే. తప్పు కాదు, కానీ సగమే చెప్పింది. ఏ హింసో చెప్పలేదు. కొట్టడం, తిట్టడం, మాడ్చడం ఏదీ కాదు. ఆశ చూపించి దక్కనివ్వకపోవడం అనే ఒక్క హింసే. కాలం గడిచేకొద్దీ హింస పలచబడి ఊరింపు మిగిలింది. ఇప్పుడు ట్యాంటలైజింగ్ అనే విశేషణం చాలాసార్లు ఇష్టంగానే వినిపిస్తుంది. వంటింట్లోంచి వచ్చే ఘుమఘుమల్ని ట్యాంటలైజింగ్ స్మెల్ అంటే నాకు పూర్తిగా సమ్మతం. వాసన ముందొచ్చింది, కూర ఇంకా పొయ్యిమీదే ఉంది. కానీ హోటళ్ళ మెనూల్లో "ట్యాంటలైజ్ యువర్ టేస్ట్ బడ్స్" అని రాస్తారు. కంచంలో పెట్టేసి, నోట్లోకి వెళ్ళిపోయాక ఇంకా ఊరించేదేముంది? ఆ వాడుక ఇప్పుడు స్థిరపడిపోయింది కాబట్టి పరీక్షలో తప్పని కొట్టేయరు, కానీ నేనైతే పిల్లలకి అది నేర్పను.

19వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ పేరుతో ఒక వస్తువు కూడా ఉండేది. చెక్క చట్రంలో రెండు మూడు గాజు సారా సీసాలు నిలబెట్టి, మూతలమీదుగా ఒక అడ్డపట్టీ వేసి తాళం పెట్టేవారు. లోపల బ్రాందీ, విస్కీ నిగనిగలాడుతూ కనిపిస్తుంది. తాళంచెవి యజమాని దగ్గర ఉంటుంది. ఇంట్లో పనివాళ్ళు దొంగతనంగా తాగకుండా చేసిన ఏర్పాటు. దాని పేరు టాంటలస్. అలమారాలో పెట్టి తలుపు మూసి తాళం వేస్తే దానికి ఆ పేరు పెట్టి ఉండేవారు కాదు. సీసాలు కనిపిస్తున్నాయి కాబట్టే ఆ పేరు.

ఇప్పుడు టెంప్ట్ సంగతి. ఫోన్లో వచ్చిన ఆ అర్థం పిల్లల్ని బాగా దారితప్పిస్తుంది. టెంప్ట్ లాటిన్లో పరీక్షించడం అనే మాట నుంచి వచ్చింది. షుగర్ ఉన్నవాడి ముందు గులాబ్‌జామ్ పెడితే అది టెంప్టేషన్. చెయ్యి చాస్తే అందుతుంది, తినొచ్చు, కానీ తినకూడదు. తినాలా వద్దా అనే గొడవ వాడి మనసులో జరుగుతుంది, నిర్ణయం వాడి చేతిలో ఉంది. ట్యాంటలైజ్‌లో నిర్ణయం మన చేతిలో లేదు. అదే గులాబ్‌జామ్ గాజు బీరువాలో ఉండి, కొట్టు మూసేసి ఉంటే, బయట నిలబడి చూసేవాడి స్థితి ట్యాంటలైజ్. టెంప్ట్‌కి లొంగిపోవచ్చు. ట్యాంటలైజ్‌కి లొంగడం అంటూ ఉండదు. వాక్యంలోనూ తేడా ఉంది. "టెంప్టెడ్ మీ టు ఈట్" అని టెంప్ట్ తర్వాత చెయ్యాల్సిన పనిని చెప్పొచ్చు. ట్యాంటలైజ్‌కి అలా పని తగిలించరు. "ట్యాంటలైజ్డ్ మీ విత్ ద స్వీట్స్" అని దేనితో ఊరించారో చెప్పి ఊరుకుంటారు.

టీజ్ అనే మాట ఇంకో దారిది. పాత ఇంగ్లీషులో దానికి అర్థం ఉన్నిని పోగులు పోగులుగా విడదీయడం, అంటే మన దూది ఏకడం లాంటి పని. ఏకడం నుంచి మనం "వాణ్ణి ఏకిపారేశారు" దాకా వెళ్ళాం, వాళ్ళు ఏడిపించడం దాకా వెళ్ళారు. టీజ్‌లో ఆట ఉంటుంది, ఎదుటి మనిషి ఉంటాడు. ట్యాంటలైజ్ చెయ్యడానికి మనిషే అక్కర్లేదు, ఒక మామిడికాయ చాలు.

టాంటలస్ పేరు మన జేబుల్లోకి కూడా వచ్చింది. 1802లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఎకెబర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక కొత్త లోహాన్ని కనిపెట్టాడు. దాని ఆక్సైడ్‌ని ఆమ్లంలో ఎంత ముంచినా రవ్వంత కూడా పీల్చుకోదు. నీళ్ళలో నిలబడి తాగలేనివాడు గుర్తొచ్చి దానికి ట్యాంటలం అని పేరు పెట్టాడు. పరమాణు సంఖ్య 73. దేనితోనూ తొందరగా కలవని ఆ గుణం వల్లే శస్త్రచికిత్సల్లో ఒంట్లో అమర్చే భాగాలకి పనికొస్తుంది. మొబైల్ ఫోన్లలో చిన్న చిన్న కెపాసిటర్లకీ అదే వాడతారు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో కూడా ఈ లోహం తయారుచేస్తారు. 1844లో హైన్రిక్ రోజ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ట్యాంటలం దొరికే ఖనిజంలోనే ఇంకో మూలకం దాగి ఉందని తేల్చి, టాంటలస్ కూతురు నయోబీ పేరుమీద నయోబియం అన్నాడు. కొడుకు పెలాప్స్ పేరుమీద పెలోపియం అని మరొకటి కూడా ప్రకటించాడు గానీ అది నిలవలేదు. ఆవర్తన పట్టికలో 5వ గ్రూపు చూడండి, నయోబియం కింద గడిలోనే ట్యాంటలం ఉంటుంది. సైన్సు చదివే పిల్లలకి ఇది చెబితే మాటా మూలకమూ రెండూ గుర్తుంటాయి.

పక్షుల్లోనూ ఉన్నాడాయన. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకీ, హిందూపురం దగ్గర వీరాపురం ఊళ్ళోని చింతచెట్లకీ వచ్చే ఎర్రకాళ్ళ కొంగకి 1769లో పెట్టిన మొదటి శాస్త్రీయనామం టాంటలస్ ల్యూకోసెఫాలస్. ఇప్పుడు దాన్ని వేరే ప్రజాతిలోకి మార్చారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్ళలో ఆడిస్తూ చేపకోసం చూస్తుంటుంది. అదృష్టం కొద్దీ దానికి చేప దొరుకుతుంది.

మళ్ళీ తెలుగులోకి వస్తాను, ఎందుకంటే మీకు కావలసింది ఇక్కడే ఉంది. ఊరించు అనే మాట ఊరు అనే క్రియ నుంచి వచ్చింది. చెలమలో నీరు ఊరుతుంది, నోట్లో నీరు ఊరుతుంది, ఆవకాయలో ముక్క ఊరుతుంది. నోరు ఊరేట్టు చేయడమే ఊరించడం. ఉవ్విళ్ళూరడంలో ఉన్నదీ ఇదే ఊట. గ్రీకు మాటలో బొమ్మ చెరువు ఇంకిపోవడం, తెలుగు మాటలో బొమ్మ నోట్లో నీరు ఊరడం. ఒకటి బయట నీళ్ళు పోవడాన్ని చూసింది, ఇంకోటి లోపల నీళ్ళు రావడాన్ని చూసింది. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి ఎరగకుండానే ఇంత దగ్గరగా ఎలా వచ్చాయా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా అమ్మమ్మ ఆవకాయ కలిపిన రోజు, జాడీకి ఎత్తగా బేసినులో అడుగున మిగిలినదాంట్లో వేడన్నం వేసి కలిపి పిల్లలందరికీ తలా ఒక్క ముద్ద పెట్టేది. తర్వాత జాడీకి వాసెన కట్టి అటకమీద పెట్టేసేది. మూడో రోజు తిరగకలిపేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆవపిండి ఘాటు ఇల్లంతా పరుచుకుని ఉండేది. అన్నానికి కూర్చుంటే ఎదురుగా అటక, దానిమీద తెల్లటి గుడ్డ కట్టిన జాడీ. ముందు ముద్ద పెట్టకపోయి ఉంటే మేమంత ఇదైపోయేవాళ్ళం కాదు. ఆ ఒక్క ముద్దే మమ్మల్ని మూడు రోజులు ఊరించింది. టాంటలస్ దేవతల పంక్తిలో తిన్నవాడని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. రుచి తెలిసినవాడికే ఊరింపు బాధ తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. త్రిశంకు స్వర్గాన్ని దీనికి సమానంగా కొందరు రాస్తుంటారు. త్రిశంకుడు కూడా స్వర్గం కోరి, అందక, మధ్యలో వేలాడినవాడే. కానీ తెలుగులో త్రిశంకు స్వర్గం అంటే ఎటూ కాని స్థితి, అక్కడా ఇక్కడా చెల్లకపోవడం. మళ్ళీ మళ్ళీ ఆశ చూపించడం అందులో లేదు. ఎండమావి అన్నా కుదరదు. ఎండమావిలో నీళ్ళు అసలు లేవు, టాంటలస్ చెరువులో ఉన్నాయి. అందని ద్రాక్ష పుల్లన అన్నా పొరపాటే, నక్క ఆశ వదిలేసి సాకు చెప్పుకుని వెళ్ళిపోయింది.

ట్యాంటలైజింగ్లీ అనే క్రియావిశేషణం ఎక్కువగా దగ్గర అనే మాట పక్కన వస్తుంది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి నేలకి కాస్త ఎత్తులో ఉండగా సంకేతాలు ఆగిపోయాయి. ఆ రాత్రి శ్రీహరికోట పేరు తెలిసిన ప్రతి ఇంట్లోనూ టెన్షన్‌తో టీవీల ముందు కూర్చున్నాం. ఈ రెంటికీ ఇంగ్లీషులో ట్యాంటలైజింగ్లీ క్లోజ్ అనొచ్చు. తెలుగులో మాత్రం ఇక్కడ ఊరించు అంటే పలచన అవుతుంది, అంతటి బాధకి ఆ మాట సరిపోదు. "అందినట్టే అంది చేజారింది" అనాలి. అంటే ఒక్క ఇంగ్లీషు మాటకి ఒకే తెలుగు మాట పట్టుకుని కూర్చోకూడదు. తిండికీ, వాసనకీ, చూపించి దాచేవాటికీ ఊరించు. గెలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చిన చోట అందినట్టే అంది. చాలాకాలం ఆశపెట్టి తిప్పించుకున్న చోట "ఇదిగో అదిగో అని ఆశపెట్టి". ఎక్కడ ఏది నప్పుతుందో వాక్యమే చెబుతుంది.

మీ అమ్మాయి వాక్యంలో ఉన్నది మామిడికాయ, చూస్తున్నది బహుశా కిందనుంచి ఒక పిల్ల. నేనైతే ఇలా రాస్తాను: "మామిడికాయ అందీ అందనట్టు ఊరిస్తూ వేలాడుతోంది." అమ్మాయిని ఒకసారి పైకి చదవమనండి. నోట్లో నీళ్ళూరితే అనువాదం కుదిరినట్టే.